ఆరు లారీలు రెండెందుకయ్యాయి: నెల్లూరులో ఒక లారీ కుటుంబం లెక్క

మా ఇంట్లో పెళ్లికో తద్దినానికో నలుగురు చేరితే చాలు, భోజనాలయ్యాక మాట అక్కడికే వస్తుంది. తాత ఒక్క సెకండ్ హ్యాండ్ లారీతో మొదలుపెట్టి ఆరు బండ్లు చేశాడు, కొడుకుల చేతికొచ్చాక అవి రెండయ్యాయి, తప్పెవరిది? ఒకరు చిన్నాయన తొందరపాటంటారు, ఒకరు డ్రైవర్లు తినేశారంటారు, మా పెద్దత్త అయితే దిష్టి తగిలిందనే అంటుంది. నేను అకౌంట్స్ పని చేస్తాను. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అటక మీంచి మా అవ్వ రాసిన ట్రిప్పుల పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, నాలుగు రోజులు కూర్చుని చదివాను. అప్పటిదాకా నేనూ చిన్నాయననే అనేదాన్ని. ఇప్పుడు అనలేను.

అవ్వ చదివింది ఐదో తరగతి. పుస్తకంలో ప్రతి పేజీకి నిలువుగా గీతలు కొట్టి మూడు గడులు చేసేది: వచ్చింది, పోయింది, నిలబడింది. మొదటి రెండూ ఎవరైనా రాసేవే. మూడో గడిలో బండి లోడు లేకుండా ఎక్కడ, ఎన్ని రోజులు ఆగిపోయిందో ఉంటుంది. 'మద్రాసు 2', 'షెడ్డు 5', 'ఒంగోలు 1'. లారీ వ్యాపారం అర్థం కావాలంటే ఈ మూడో గడి నుంచి మొదలుపెట్టాలి. ఎందుకంటే కదిలినా కదలకపోయినా బండికి కిస్తీ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు, మూడు నెలలకోసారి ట్యాక్స్ ఆగదు, డ్రైవర్ జీతం ఆగదు.

ఇంకో సంగతి. మా వాళ్లు 'ట్రాన్స్‌పోర్ట్' అని ఒకే పేరుతో పిలిచింది నిజానికి మూడు వ్యాపారాలు. బండి కొని తిప్పడం ఒకటి. స్టోన్‌హౌస్‌పేటలో చిన్న గది పెట్టుకుని మన బండ్లకీ పక్కవాళ్ల బండ్లకీ లోడు చూసిపెట్టడం రెండోది. బదిలీ అయిన వాళ్ల ఇంటి సామాను మార్చడం మూడోది. ఒకదాని నష్టం ఇంకొకటి పూడ్చేది. ఈ మూడూ ఒక్కొక్కటిగా విడిపోతూ వచ్చాయి, అదీ ముప్పై ఏళ్లలో, ఎవరూ గమనించకుండా.

ముందు తాత రోజుల సంగతి. తాత వాళ్ల నాయనకి రెండెడ్ల బండి ఉండేది, వడ్ల బస్తాలు బకింగ్‌హాం కాలువ రేవుకి తోలేవాడు. 1899లో రైలు మార్గం వచ్చాక కూడా కాలువ మీద పడవలు చాలాకాలం నడిచాయి, బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకి వెళ్లేవి, గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవాళ్లు. తాత ఆ రేవు దగ్గరే పెరిగాడు. 1963లో టాటా బెంజి లారీ ఒకటి, ఎవరో వాడి వదిలేసింది, పొలం తాకట్టు పెట్టి కొన్నాడు. ఊళ్లో అందరూ ఆ లారీని ఆస్తి అనుకున్నారు. అసలు ఆస్తి పర్మిట్టు.

ఈ విషయం ఈ తరానికి బొత్తిగా తెలియదు. అప్పుడు అమల్లో ఉన్నది 1939 నాటి మోటారు వాహనాల చట్టం. దాని ప్రకారం కిరాయికి సరుకు మోసే లారీకి పర్మిట్ ఇవ్వాలంటే రవాణా అధికారులు ఈ ప్రాంతానికి ఇంకో బండి అవసరమా, ఉన్నవి చాలవా అని చూడాలి, అప్పటికే బండ్లు నడుపుతున్నవాళ్లు అభ్యంతరం కూడా చెప్పొచ్చు. అంటే డబ్బుండి లారీ కొన్నంత మాత్రాన తిప్పడానికి లేదు. పైగా నెల్లూరుకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన పెద్ద మార్కెట్ ఎప్పుడూ మద్రాసే, గట్టిగా 175 కిలోమీటర్లు, సాయంత్రం లోడెత్తితే తెల్లారేసరికి జార్జిటౌన్‌లో ఉండొచ్చు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో ఆ మద్రాసు వేరే రాష్ట్రమైపోయింది. నిన్నటిదాకా ఒకే రాష్ట్రంలో నడిచిన దారికి పక్క రాష్ట్రం కౌంటర్ సంతకం కావాల్సి వచ్చింది. ఆ సంతకం ఉన్న పర్మిట్ చేతిలో ఉన్నవాడిని మిల్లర్లే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అవ్వ పుస్తకంలో ఆ రోజుల పేజీలు చూస్తే 'నిలబడింది' గడి దాదాపు ఖాళీ.

1975లో నేషనల్ పర్మిట్ పథకం వచ్చింది, అంటే ఒకే పర్మిట్‌తో వేరే రాష్ట్రాల్లోనూ తిప్పుకోవచ్చు. మొదట్లో రాష్ట్రానికి ఇన్ని అని కోటా ఉండేది. తాతకి 1979లో ఒకటి దొరికింది, ఆ రోజు కామాక్షమ్మకి మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదీ జొన్నవాడ వెళ్లారట. ఆ ఒక్క పర్మిట్ మీదే గూడూరు నిమ్మకాయలు ఉత్తరాదికి వెళ్లాయి, దాని లాభంతోనే మూడో బండి, నాలుగో బండి వచ్చాయి.

1988లో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చింది, 1989 జులై 1 నుంచి అమలు. అందులో 80వ సెక్షన్ పర్మిట్ అడిగితే మామూలుగా కాదనకూడదంటుంది. నా ఉద్దేశంలో మా కుటుంబం కథ మలుపు తిరిగింది ఇక్కడే. అప్పుడు ఎవరికీ అలా అనిపించలేదు, ఎందుకంటే మా వాళ్లకీ పర్మిట్లు సులువుగా వచ్చాయి, 1994 కల్లా ఆరు బండ్లయ్యాయి. కానీ పర్మిట్ అందరికీ వస్తే దానికి ఇక విలువేముంది? ఫైనాన్స్ కంపెనీలు ఛాసిస్‌కి అప్పిచ్చాయి, నిన్నటిదాకా స్టీరింగ్ పట్టినవాడు ఇవాళ ఓనరయ్యాడు. ఇది మంచి మార్పు, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా దగ్గర క్లీనరుగా చేరి సొంతంగా నాలుగు బండ్లు చేసుకున్నాయన ఇవాళ్టికీ మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ వస్తాడు. కాకపోతే బండ్లు పెరిగినంతగా సరుకు పెరగలేదు. అవ్వ మూడో గడిలో అంకెలు కనిపించడం 1991 తర్వాతే మొదలైంది.

ఇక లోడు సంగతి. లారీ వాళ్ల బతుకంతా రిటర్న్ లోడులో, అంటే తిరిగొచ్చేటప్పుడు దొరికే సరుకులో ఉంటుంది. చేతి లెక్క చూపిస్తాను. నెల్లూరు నుంచి హైదరాబాద్ సుమారు 450 కిలోమీటర్లు. లోడుతో లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి 112 లీటర్లు తాగుతుంది, లీటరు 97 రూపాయలనుకుంటే పదకొండు వేలకి అటూ ఇటూ. తిరిగి ఖాళీగా వస్తే బండి తేలికే కాబట్టి లీటరుకి ఐదు ఇచ్చిందనుకుందాం, అయినా 90 లీటర్లు, ఎనిమిది వేల ఏడొందలు. దీనికి పైసా కిరాయి లేదు. టోలు, డ్రైవర్ బత్తా, టైర్ల అరుగుదల అదనం. వెళ్లేటప్పుడు మిగిలింది వచ్చేటప్పుడు రోడ్డు తినేస్తుంది. అలాగని హైదరాబాద్‌లో లోడు కోసం మూడు రోజులు కూర్చుంటే, ఆ మూడు రోజుల కిస్తీ, జీతం నెత్తిన పడతాయి. ఖాళీగా తిరిగి రావాలా, తక్కువ కిరాయికి ఒప్పుకోవాలా, ఆగాలా? డ్రైవర్ రోడ్డు పక్క నుంచి ఫోన్ చేసి అడిగేది ఇదే, ఓనరు తెల్లవారుజామున లేచి కూర్చునేదీ ఇందుకే.

తాతకి ఈ టెన్షన్ తక్కువ, ఎందుకంటే జార్జిటౌన్‌లో ఒక లోడ్ ఏజెంటు ఇరవై రెండేళ్లు మా బండ్లకే ముందు లోడిచ్చాడు. ఎరువులు, ఇనుప సామాను, మందుల పెట్టెలు, ఏదో ఒకటి. ఆయన బండ్లు నెల్లూరొచ్చినా మా వాళ్లు అంతే చేసేవాళ్లు. రాత కోతల్లేవు, మాట మీద నడిచింది. ఆయన పోయాక వాళ్ల పిల్లలు ఆ పని మానేశారు, మా మద్రాసు రిటర్న్ లోడు ఆ నెలతోనే పోయింది. ఇలాంటి సంబంధానికి వారసత్వం ఉండదు, లారీని కొడుకు పేరుకి మార్చినట్టు దాన్ని మార్చలేం.

ఇప్పుడు మూడో వ్యాపారం, నాకు బాగా ఇష్టమైనది, ఇంటి సామాను. దీన్ని మా ఇంట్లో కూడా ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో బ్యాంకు వాళ్లకీ టీచర్లకీ బదిలీలు వస్తే ఒంగోలు, కావలి, కందుకూరు, ఆత్మకూరు నుంచి కబుర్లు వచ్చేవి. ఆషాఢం వస్తే ఒక్క పిలుపు ఉండదు, శ్రావణంలో మళ్లీ మొదలు. ముహూర్తం పెట్టుకుని పాలు పొంగించే ఇళ్లకి సామాను వేళకి చేరాలి, అందుకని పొయ్యి, దేవుడి పటాలు, బియ్యం డబ్బా ఉన్న మూట చివర్లో ఎక్కించేవాళ్లు, దిగేటప్పుడు అదే ముందు దిగుతుంది కాబట్టి.

లోడింగ్ చూడాలి మీరు. మా హమాలీల మేస్త్రీ ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, ఏమీ రాసుకోకుండా, ఏది ఎక్కడికెళ్లాలో అక్కడే నిర్ణయించేవాడు. క్యాబిన్ వైపు బీరువా, తలుపులు క్యాబిన్‌కి ఆనేట్టు, లోపల బట్టలు అలాగే ఉంచి తాళం వేసి, తాళంచెవి ఇంటావిడ చేతికే. అద్దాల బల్ల రెండు పరుపుల మధ్య. స్టీలు బిందెలో గ్లాసులు, గ్లాసుల మధ్య వరిగడ్డి, నెల్లూరులో గడ్డికి కొదవేముంది. రోలు, ఇసుర్రాయి వెనక చక్రాల మీదికి, బరువు అక్కడే ఉండాలి. కుర్చీలు తిరగేసి పైన. చివరికి పట్టా కప్పి మోకులు బిగించేటప్పుడు ఇద్దరు రెండు వైపులా నిలబడి కాళ్లు బండికి తన్నిపెట్టి వెనక్కి వాలేవాళ్లు, తాడు కిర్రుమనేదాకా. తర్వాత మేస్త్రీ ఆ తాడుని వేలితో మీటి చూసేవాడు. మోత సరిగా వస్తేనే బండి కదిలేది. ఒకసారి కావలి దాటాక తాడు సడలి ఎవరిదో అమ్మమ్మ నాటి ఇత్తడి గంగాళం సొట్టపడింది, తాత వాళ్లు అడక్కముందే డబ్బులిచ్చి, కంచరి దగ్గరికి తనే తీసుకెళ్లి సరిచేయించాడు. ఆ ఇంటి వాళ్లు తర్వాత మూడుసార్లు బదిలీ అయ్యారు, మూడుసార్లూ మా బండే.

ఈ పనికి ఎప్పుడూ పాత బండే వెళ్లేది. కారణం పుస్తకాలు చదివాక దొరికింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 12 ఏళ్లు దాటిన లారీకి నేషనల్ పర్మిట్ ఉండదు, మల్టీ యాక్సిల్ (రెండుకంటే ఎక్కువ ఇరుసులున్న) బండికైతే 15 ఏళ్లు. అంటే పన్నెండేళ్లు ఉత్తరాదికి తిరిగిన లారీ ఒక రోజు హఠాత్తుగా లోకల్ బండి అయిపోతుంది. ఇంజను బాగానే ఉంటుంది, కిస్తీలు ఎప్పుడో తీరిపోయాయి, కానీ దూరం వెళ్లడానికి లేదు. అలాంటి బండికి ఇసుక, ఇటుక, ఇంటి సామాను తప్ప వేరే పని ఉండదు. అప్పు లేని బండి కాబట్టి వచ్చిందంతా మిగులే. మా చదువుల ఫీజులు జూన్‌లో కట్టింది ఈ డబ్బుతోనేనని అవ్వ రాతలో స్పష్టంగా ఉంది.

2005లో టాటా ఏస్ వచ్చింది. మొత్తం బరువు మూడు వేల కిలోలు దాటని సరుకుల బండికి చట్టప్రకారం పర్మిట్టే అక్కర్లేదు, ఏస్ ఆ లోపలే ఉంటుంది. సందుల్లోకి వెళ్తుంది, ఇద్దరు మనుషులు చాలు, రెండు ట్రిప్పులు వేసినా లారీ కంటే చవక. ఊళ్లో ఊళ్లో ఇల్లు మారేవాళ్లు లారీ పిలవడం రెండేళ్లలో మానేశారు. దూరం వెళ్లేవాళ్లని ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరుతో నగరాల వాళ్లు పట్టుకున్నారు. మా పాత బండ్లు రెండూ 2008లో తుక్కు రేటుకి పోయాయి. ఆరు నాలుగయ్యాయి. దీనికి చిన్నాయన్ని ఎవరైనా ఏమనగలరు?

ఇల్లు మారేవాళ్లకి ఇక్కడే ఒక మాట. ఇప్పుడున్న రోడ్డు రవాణా చట్టం 2007లో చేసింది, 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, 1865 నాటి పాత చట్టం స్థానంలో. దీని కింద సామాను పాడైతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే. పన్నెండు వేల కిరాయికి లక్షా ఇరవై వేలు. మీ సామాను విలువ అంతకంటే ఎక్కువైతే బుకింగ్ రోజే విలువ రాయించాలి, దానికి అదనంగా అడుగుతారు, కట్టండి. పోయినా పాడైనా కోర్టుకెళ్లాలంటే ముందుగా బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్లో గొడవపడుతూ ఆరు నెలలు గడిపేసినవాళ్లని నేను చూశాను.

ఇక పోర్టు. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక బళ్లారి, హోస్పేట ఇనుప ఖనిజం ఇటు రావడం మొదలైంది, నెల్లూరులో ఎవరి నోట విన్నా టిప్పర్లు, టెన్ వీలర్ల మాటే. లోడు వెతుక్కోనక్కర్లేదు, అదే పెద్ద ఆకర్షణ. అవ్వ మూడో గడి భాషలో చెప్పాలంటే 'నిలబడింది' సున్నా. చిన్నాయన 2009లో మూడు టెన్ వీలర్లు ఫైనాన్స్ మీద తెచ్చాడు, నాయన జామీను సంతకం పెట్టాడు. ఏడు బండ్లయ్యాయి. 2010 జులైలో కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతి ఆపింది, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలే ఆపేసింది. అక్రమ తవ్వకాలు ఆపడం సరైన పనే, అందులో నాకు అనుమానం లేదు. కానీ నెల తిరిగేసరికి రోడ్డు పక్కన వరసగా లారీలు, ఒక్కోదానికి నెలకి యాభై వేలకి పైన కిస్తీ. వాళ్లందరూ ఒకేసారి మామూలు లోడ్ల మీద పడ్డారు, కిరాయిలు ఇంకా దిగిపోయాయి. ఫైనాన్స్ వాళ్లు రెండు బండ్లు రోడ్డు మీదే ఆపి తీసుకెళ్లిపోయారు. మిగతా బాకీ జామీను పెట్టిన నాయన మీద పడింది, మూడో టెన్ వీలరూ, అంతకుముందున్న నాలుగింటిలో అప్పు లేని రెండూ అమ్మి తీర్చారు. ఏడులోంచి ఐదు పోతే రెండు.

చిన్నాయన తప్పు లేదా అంటే ఉంది. మూడు బండ్లూ ఒకే పార్టీ, ఒకే సరుకు మీద పెట్టడం తప్పు. తాత వడ్లు తగ్గితే పొగాకు, పొగాకు సీజన్ అయిపోతే నిమ్మకాయలు అన్నట్టు నడిపాడు. మార్చిలో కందుకూరు, టంగుటూరు వేలం కేంద్రాల నుంచి పొగాకు బేళ్లు, తర్వాత ఇంటి సామాను, ఎప్పుడైనా గ్రానైట్ పలకలు. కానీ ఆ పద్ధతికి ఆధారమైన స్టోన్‌హౌస్‌పేట లోడ్ ఆఫీసు, పాత బండ్ల ఆదాయం రెండూ చిన్నాయన చేతికొచ్చేసరికి మిగల్లేదు. ఆయన దగ్గరున్నది బండ్లు మాత్రమే.

తాత 2006లో పోయినప్పుడు ఇంకో దెబ్బ తగిలింది, అది పూర్తిగా మా తెలియనితనం. రెండు బండ్ల ఆర్సీలు, పర్మిట్లు తాత పేరు మీదే ఉన్నాయి. పర్మిట్ ఉన్నాయన చనిపోతే 30 రోజుల్లో రవాణా అధికారులకి చెప్పాలి, మూడు నెలల్లో వారసుడి పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి, అంతవరకూ బండి తిప్పుకోవచ్చు. కర్మకాండలు, సంవత్సరీకం, అన్నదమ్ముల మధ్య ఏ బండి ఎవరికన్న మాటలు, వీటిలో గడువు దాటిపోయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపాకే తెలిసింది. ఆ రెండు బండ్లు కలిపి 90 రోజుల పైన షెడ్డులో ఉన్నాయి. అప్పటికి అవ్వ చూపు తగ్గింది, అయినా తనే వంకర అక్షరాలతో రాసింది. మీ ఇంట్లో పెద్దాయన పేరు మీద బండి ఉంటే ఈ ఒక్క పేరా వాళ్లకి చదివి వినిపించండి.

తర్వాతి మార్పులు త్వరగా చెప్తాను. 2017లో జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, తమిళనాడు సరిహద్దులో తడ దగ్గర గంటల తరబడి ఆగే రోజులు తగ్గాయి, ఇది నిజంగా మేలు. కానీ పెద్ద కంపెనీలు తమ పేరుతో ఎల్.ఆర్. (లారీ రసీదు) రాసిచ్చే రిజిస్టర్డ్ ఏజెన్సీతోనే పని పెట్టుకుంటాయి, రెండు బండ్ల ఓనరు ఆ ఏజెన్సీ కింద 'మార్కెట్ బండి'గా నడవాల్సిందే, కిరాయిలో కొంత అక్కడే తెగిపోతుంది, బ్యాలెన్స్ కోసం సరుకు ముట్టినట్టు సంతకం పెట్టిన రసీదు పంపి నెలో రెండు నెలలో ఎదురు చూడాలి. 2018లో రెండు యాక్సిళ్ల బండి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5కి, మూడు యాక్సిళ్లది 25 నుంచి 28.5కి పెంచారు. కొత్త బండి అదే డ్రైవరుతో ఎక్కువ మోస్తుంది, పాతవాడు ఆ కిరాయికి దిగాలి. సరుకుతో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం, ఈ-వే బిల్లు, రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన చెల్లుతుంది, దారిలో ఇంజను మొరాయిస్తే గడువుకి ముందో తర్వాతో ఎనిమిది గంటల్లోపు పొడిగించుకోవాలి. పోయిన ఏడాది ఒంగోలు బైపాస్‌లో అర్ధరాత్రి టైరు పేలి, మా తమ్ముడు ఒక చేత్తో టైరు షాపు వాడికి, ఇంకో చేత్తో ఏజెన్సీ గుమస్తాకి ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు వ్యాపారం చూసేది ఆ తమ్ముడే. ఒక బండి రొయ్యల మేత, ఇంకొకటి బియ్యం. మూడో బండి కొందామా అని నన్నడిగాడు, ఫైనాన్స్ వాళ్లు ఇంటికే వచ్చి ఇస్తామంటున్నారట. నేను ముందు అవ్వలాగా మూడో గడి రాయమన్నాను. ఫోన్లోనే రాస్తున్నాడు. మొదటి నెల లెక్క నిన్న పంపాడు: బియ్యం బండి హైదరాబాద్ 4, షెడ్డు 3, మేత బండి భీమవరం 2, కావలి 1. రెండు బండ్లు, నెలలో పది రోజులు. హైదరాబాద్‌లో నాలుగు రోజులు ఎందుకు ఆగిందో కనుక్కోమన్నాను, మూడో బండి మాట దాని తర్వాత మాట్లాడుకుందామని చెప్పాను.